పిట్టగోడ పక్కన జారుడుబల్లా? మీ ప్రశ్నలకి పీఈటీ మాస్టారి జవాబులు

వేసవి సెలవులు మొదలైన దగ్గర్నుంచి నాకొచ్చే ప్రశ్నలన్నీ దాదాపు ఒకే వరస, పిల్లోడు ఫోన్ వదలట్లేదు, ఇంట్లో ఆడుకోడానికి ఏం కొనాలి మాస్టారూ అని. ముప్పై ఏళ్ళ పైన బెజవాడ, గుంటూరు బడుల్లో మెళ్ళో విజిల్ వేసుకుని పిల్లల వెనక తిరిగినవాణ్ణి, వస్తువు కొనొద్దని చెప్పను, కొనేముందు మాత్రం రెండు చూసుకోండి అంటా. దాని కింద ఏముంది, దాని పక్కన ఎవరున్నారు. ఈసారి ఎంచుకున్న ప్రశ్నలు చదివితే ఎందుకంటున్నానో మీకే తెలుస్తది.

ప్రశ్న: మాస్టారూ నమస్తే. మాది భవానీపురం, అపార్ట్‌మెంట్‌లో అయిదో ఫ్లోర్, మా పైనే డాబా. బాబుకి అయిదేళ్ళు నిండాయి. సెలవులిచ్చిన కాణ్ణుంచి సోఫాలో పడుకుని ఫోను చూడటమే, లాక్కుంటే ఏడుపు. మావారు ఆన్‌లైన్లో జారుడుబల్ల, ఉయ్యాల, బాస్కెట్‌బాల్ రింగు కలిపి ఉన్న సెట్ ఒకటి చూశారు, ఇంకో ట్రాంపొలీన్, అదే పైకెక్కి గెంతే సాగుడు గుడ్డ చట్రం, అది కూడా. రెండూ కలిపి ఇరవై వేల దాకా అవుతున్నాయి. డాబా మీద పెడదాం అంటున్నారు. కొనమంటారా, వాడు నిజంగా ఆడతాడా? (ఒక తల్లి, భవానీపురం)

జవాబు: అమ్మా, ఆడతాడు. ఒక పది రోజులు బ్రహ్మాండంగా ఆడతాడు, పదకొండో రోజు నుంచి దాని మీద మీరు దుప్పట్లు ఆరేస్తారు. పిల్లోడి తప్పేం లేదు, జారుడుబల్ల ఎక్కి జారటంలో కొత్త ఎంతసేపు ఉంటది చెప్పండి, అదే బల్ల దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలుంటే మాత్రం అది రైలు అయిద్ది, కొండ అయిద్ది, దొంగలు దాక్కునే గుహ అయిద్ది, రెండు గంటలు కదలరు. కాబట్టి కొనేముందు మీ అపార్ట్‌మెంట్లో వాడి ఈడు పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కేసుకోండి.

వాడికి ఎంత ఆట కావాలంటారా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి సగటున రోజుకి 60 నిమిషాలన్నా గుండె వేగం పెరిగే ఆట ఉండాలి, వారంలో మూడు రోజులన్నా ఎముకలకి కండరాలకి గట్టి పని పడాలి, అంటే గెంతటం, ఎక్కటం, వేలాడటం లాంటివి. ఈ 60 నిమిషాలు ఒకేసారి కానక్కర్లేదు, పొద్దున ఇరవై సాయంత్రం నలభై అయినా లెక్కే.

ఇప్పుడు డాబా సంగతి. ఇక్కడ నేను గట్టిగా వద్దంటా, కోపం తెచ్చుకోకండి. మీ పిట్టగోడ ఎత్తు టేపు పెట్టి కొలవండి, మామూలుగా మూడడుగులు, మూడున్నర ఉంటది. జారుడుబల్ల పై మెట్టు మూడడుగుల ఎత్తులో ఉంటే, దాని మీద నిలబడ్డ అయిదేళ్ళ పిల్లోడికి ఆ పిట్టగోడ మోకాళ్ళ దాకా కూడా రాదు. అయిదో అంతస్తు పైన. సెట్‌ని గోడకి దూరంగా పెడతాం అంటారు, ఆ ప్లాస్టిక్ సెట్ తేలిక, పిల్లలే నలుగురూ కలిసి జరుపుకుంటారు, మొన్న వచ్చినట్టు ఈదురుగాలి వస్తే అదే జరిగిపోద్ది, ఎగిరి కింద రోడ్డు మీద పడినా పడుద్ది. బాల్కనీలో కూడా అంతే, రెయిలింగ్ పక్కన ఎక్కేది ఏదీ ఉండకూడదు, బొమ్మలపెట్టె కూడా.

కింద గచ్చు. ఇది నా కళ్ళారా చూసింది. నేను పనిచేసిన ఒక బడిలో జారుడుబల్లని తీసుకొచ్చి సిమెంటు గచ్చు మీద పెట్టారు, ఇసుక పోయించండి అని నేను మూడుసార్లు అడిగా, చూద్దాం అన్నారు. ఒకరోజు ఇంటర్వెల్లో ఆరేళ్ళ పాప మెట్టు తప్పి చెయ్యి ఆనించి పడింది, మోచెయ్యి పైన విరిగింది. అయిదు నుంచి ఏడేళ్ళ పిల్లలకి మోచేతి దగ్గర ఎముక విరిగేది ఎక్కువగా ఇట్టా చెయ్యి చాచి పడటం వల్లే అని తర్వాత ఎముకల డాక్టరుగారు చెప్తే తెలిసింది. ఆ పాప ఏడుపు నాకిప్పటికీ వినపడతానే ఉంటది. అడుగున్నర ఎత్తు నుంచి పడ్డా గచ్చు గచ్చే. గట్టిపడిన మట్టి, పలచని గడ్డి కూడా దెబ్బని ఆపవు. మీరు ఆన్‌లైన్లో చూసే రంగురంగుల పజిల్ షీట్లున్నాయే, ఒక సెంటీమీటరు మందానివి, అవి మోకాలు దోక్కుపోకుండా కాపాడతాయి అంతే, పడిన తలని కాపాడవు.

అయితే డాబా మీద ఇసుక పోయిద్దాం అనుకునేరు, అసలు వద్దు. పడినా దెబ్బ తగలకుండా ఉండాలంటే 9 అంగుళాల లోతు ఇసుక కావాలి, ఆ లెక్కన చదరపు మీటరుకి 350 కిలోల బరువు దాటుద్ది, వానకి తడిస్తే ఇంకా ఎక్కువ. మనుషులు తిరిగే డాబా స్లాబ్‌కి మామూలుగా వేసే లెక్క చదరపు మీటరుకి 150 కిలోలే. ఇసుకగుంట నేల మీదే ఉండాలి, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ పక్కన మట్టి జాగా ఏదన్నా ఉంటే అసోసియేషన్ వాళ్ళని అడగండి, పది ఇళ్ళ వాళ్ళు తలా రెండు వేలేసుకుంటే మీ ఒక్కరు పెట్టే ఇరవై వేలతోనే పిల్లలందరికీ కిందే ఏర్పాటయిద్ది. చుట్టూ ఆరడుగులు ఖాళీ వదలాలి, గోడ గానీ బైకు గానీ ఉండకూడదు. రాత్రి పూట ఇసుక మీద పట్టా కప్పండి, లేకపోతే పిల్లులు పాడు చేస్తాయి.

ట్రాంపొలీన్ అయితే ఇంటికి తేవొద్దు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం ఇళ్ళల్లో ట్రాంపొలీన్ వద్దని ఎప్పటినుంచో మొత్తుకుంటా ఉంది. దాని మీద తగిలే దెబ్బల్లో నాలుగింట మూడొంతులు ఒకేసారి ఇద్దరు ముగ్గురు గెంతినప్పుడు తగిలేవే, అందులోనూ తక్కువ బరువున్న పిల్లకే ఎక్కువ, ఎందుకంటే పెద్దోడు దిగిన ఊపుకి చిన్నోడు వాడు అనుకోని టైములో పైకి లేస్తాడు. ఒక్కడే గెంతాలి అని రూలు పెడదామంటే అయిదేళ్ళ వాళ్ళు ఆ రూలు వినరు, వాళ్ళకి సరదా అంతా కలిసి గెంతటంలోనే ఉంది.

ఇక ఎండ. రోహిణి కార్తెలో బెజవాడ డాబా మీద ప్లాస్టిక్ బల్ల కూడా తొడలు కాల్చేస్తది, మీ అరచెయ్యి అయిదు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే పిల్లోణ్ణి ఎక్కించొద్దు. ఎండకి రెండేళ్ళలో ప్లాస్టిక్ పెళుసెక్కి పగుళ్ళు కూడా వస్తాయి.

ఏదో ఒకటి కొనాలనే ఉంటే, హాల్లో పెట్టుకునే రెండడుగుల చిన్న జారుడుబల్ల కొనండి, కింద పాత పత్తి పరుపు వేసి, పరుపు టైల్స్ మీద జారకుండా రెండు వైపులా గోడకో సోఫాకో ఆనించండి. ఐఎస్ఐ గుర్తు చూడండి, 14 ఏళ్ళ లోపు పిల్లల ఆటవస్తువులకి 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అది తప్పనిసరి, ఇంట్లో వాడే ఉయ్యాలలు జారుడుబల్లలకి అందులో విడిగా ఒక భాగమే ఉంది. గుర్తు కింద ఉన్న లైసెన్సు నంబరుని, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే నిజమో కాదో తెలిసిపోద్ది.

ఇంకోటమ్మా, సాయంత్రం ఆరింటికి మీవారిని ఒక సుద్దముక్క తీసుకుని కిందకి దిగమనండి. తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసి ఆయనే ముందు గెంతాలి. బాబు ఫోన్ పక్కన పడేసి వస్తాడు. నేల-బండ ఆడండి, ఏడుపెంకులాట ఆడండి, బాల్ లేకపోతే పాత గుడ్డలు చుట్టి దారం కట్టండి. మీవారి అరగంట కన్నా ఆ ఇరవై వేల సెట్టు ఎక్కువ పని చెయ్యదు.

ప్రశ్న: అయ్యా మాస్టారుగారూ, మాది గుంటూరు బ్రాడీపేట. మనవడికి తొమ్మిదో నెల. నేను చక్రాల వాకర్ తెస్తానంటే కోడలు వద్దంటంది, డాక్టర్లు వద్దన్నారంట. మా పిల్లలు ముగ్గురూ వాకర్లోనే నడక నేర్చుకున్నారు కదా, ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రమాదం ఏంటో చెప్పగలరు. (ఒక తాతయ్య)

జవాబు: అన్నగారూ, ఈ విషయంలో మీ కోడలు చెప్పిందే సరైనది. మీ పిల్లలు వాకర్ ఉన్నా నడిచారు గానీ వాకర్ వల్ల నడవలేదు. పిల్లోడు నడవాలంటే ముందు బోర్లాపడాలి, పాకాలి, మంచం కోడు పట్టుకుని లేవాలి, కిందపడాలి, తన కాళ్ళని తను చూసుకోవాలి. కూర్చునే వాకర్లో వేస్తే ముని కాళ్ళతో నేలని తంతా పోతాడు, బరువు గుడ్డ మీద ఉంటది, కాళ్ళు కనపడవు, నిలదొక్కుకోవటం నేర్చుకునే పనే లేదు, దాంతో సొంతంగా నడవటం ముందుకి జరక్కపోగా వెనక్కి పోయే అవకాశమే ఉంది.

ప్రమాదం అంటారా, వాకర్లో పిల్లోడు ఒక్క సెకనులో మూడడుగులు పైనే పోగలడు. మీరు లేచేలోపు మెట్ల దగ్గరికో, పొయ్యి మీద నుంచి దించి పెట్టిన చారుగిన్నె దగ్గరికో, నీళ్ళ బకెట్ దగ్గరికో చేరతాడు. కెనడా దేశంలో 2004లో వీటి అమ్మకమే నిషేధించారు, పాతవి ఇంకొకరికి అమ్మటం కూడా కుదరదు.

మనిళ్ళల్లో ఉండే చెక్క నడకబండి, మూడు చక్రాలది, వెనక నిలబడి నెట్టేది, దానికి ఈ గొడవ లేదు, ఎందుకంటే పిల్లోడి బరువు పిల్లోడి కాళ్ళ మీదే ఉంటది. కాకపోతే వాడంతట వాడు పట్టుకుని లేచి నిలబడ్డాకే ఇవ్వాలి, టైల్స్ మీద మరీ వేగంగా పోతంటే బండి మీద రెండు కిలోల బియ్యం మూట కట్టండి, ఆగి ఆగి పోద్ది. 8 నెలల నుంచి 18 నెలల మధ్య ఎప్పుడు నడిచినా అది మామూలే, పక్కింటి పిల్లోడితో పోల్చకండి. ఇప్పుడు మీరు చెయ్యాల్సిందల్లా చాప పరిచి నేల మీద మీరు కూడా కూర్చోటమే, మీకు మోకాళ్ళ నొప్పులుంటే పీట వేసుకోండి, ఒక గిన్నె బోర్లించి చెంచాతో వాయించండి, వాడే పాక్కుంటా వస్తాడు.

ప్రశ్న: సార్, కానూరులో ఇల్లు కట్టుకుంటున్నాం, ఇంకా స్లాబ్ పడలేదు. హాల్లో పిల్లలకి ఉయ్యాల కావాలని ప్లాన్. స్లాబ్‌లో కొక్కేలు పెట్టించాలా, తర్వాత డ్రిల్ చేసి పెట్టుకోవచ్చా? మా అత్తగారు చీర ఉయ్యాల చాలదా అంటున్నారు. (ఒక ఇంటామె, కానూరు)

జవాబు: స్లాబ్ పడకముందే అడిగారు, చాలా సంతోషం. ఇప్పుడే పెట్టించండి. స్లాబ్ ఇనుము కట్టేటప్పుడే కొక్కెం కాళ్ళని లోపలి ఊచల మీదుగా వంచి కట్టమని మేస్త్రీకి దగ్గరుండి చెప్పండి, మామూలు ఫ్యాను కొక్కెం సరిపోద్దిలే అని ఆయన అంటే ఒప్పుకోవద్దు. తర్వాత డ్రిల్ చేసి యాంకర్ బోల్టులతో కూడా పెట్టొచ్చు, అది తెలిసిన మనిషి స్లాబ్‌లోకే, వీలైతే బీమ్‌లోకే వెయ్యాలి, ఫాల్స్ సీలింగ్‌కో చెక్కకో స్క్రూలు బిగిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఊడుద్ది.

ఎందుకింత జాగ్రత్త అంటే ఊగే పిల్ల బరువు కూర్చున్న పిల్ల బరువు ఒకటి కాదు. 20 కిలోల పాప ఉయ్యాలని అరవై డిగ్రీల దాకా పైకి ఊగి కిందకి వచ్చినప్పుడు ఆ అడుగు చోట తాడు మీద పడే లాగుడు 40 కిలోలతో సమానం, రెండింతలు. ఇద్దరు ఎక్కితే ఎనభై. దానికితోడు ముందుకీ వెనక్కీ వేలసార్లు లాగటం, బోల్టు వదులయ్యేది దానివల్లే. కొక్కెం, గొలుసు కలిసే చోట ఇనుము అరిగిపోతా ఉంటది, నెలకోసారి స్టూలెక్కి చూడండి. ఉయ్యాలకి ముందూ వెనకా టీవీ, టీపాయి, గోడ మూల ఏమీ లేకుండా జాగా ఉండాలి, లేకపోతే పక్కకి మాత్రమే ఊగేలా పెట్టుకోండి.

చీర ఉయ్యాల పసిబిడ్డకి, పక్కన మనిషి ఉన్నంతసేపే. మీ అత్తగారిది ప్రేమే, కాదనను. నడిచే వయసొచ్చిన పిల్లల్ని మాత్రం అందులో ఒంటరిగా వదలకూడదు. వాళ్ళు దాన్ని మెలితిప్పి గిర్రున తిరుగుతారు, ఆ మెలిక మెడకి పడితే అరవటానిక్కూడా గొంతు రాదు. పిల్లలు అట్టా పోయిన ఇళ్ళున్నాయి మన దగ్గర. ఆట అయిపోయాక చీర విప్పి బీరువాలో పెట్టెయ్యండి. ఉయ్యాల దగ్గర చున్నీలు, మెళ్ళో తాళ్ళు కూడా తీసేయించండి.

నాకు తెలిసి ఊగటం అంటే పిల్లలకి ఉత్త సరదా కాదు, లోపలి చెవిలో ఉండే తూకం చూసుకునే భాగానికి అదే వ్యాయామం. అట్లతద్దికి చింతచెట్టుకి ఉయ్యాల కట్టి ఆడపిల్లల్ని ఊగమన్నవాళ్ళు ఊరికే అనలేదు.

ప్రశ్న: మాస్టారూ, నేను ఆటోనగర్లో పని చేస్తా. మావోడికి పన్నెండేళ్ళు, క్లాసులో అందరికన్నా పొట్టి. గుమ్మానికి బిగించే రాడ్డు కొని రోజూ వేలాడదీస్తే ఎత్తు పెరుగుతాడని వీడియోలో చూశా. నిజమేనా? (ఒక తండ్రి)

జవాబు: కాదు బాబూ. వేలాడితే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్ళలు కాస్త సాగుతాయి, అది కొద్దిసేపే, నిలబడి తిరిగితే మళ్ళీ మామూలే. ఎత్తు అనేది అమ్మానాన్నల నుంచి వచ్చిందీ, తిండీ, నిద్రా. పన్నెండేళ్ళకి కొంతమంది మగపిల్లలు ఇంకా పెరిగే ఊపులోకే రారు, పద్నాలుగులో ఒక్కసారిగా లేస్తారు. గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాయండి, ఆర్నెల్లకోసారి చూడండి, ఏడాదికి అయిదు సెంటీమీటర్లు కూడా రాకపోతే పిల్లల డాక్టరుకి చూపించండి. పౌడర్ డబ్బాల వెనక పడొద్దు. పొట్టి పొట్టి అని వాడి ముందు అనొద్దు, ఇది నేను బతిమాలి చెప్తున్నా.

రాడ్డు మాత్రం వేరే పనికి మంచిదే. పట్టు, భుజాలు, చేతివేళ్ళ బలం వస్తాయి, చెట్లెక్కటం పోయాక పిల్లలకి కరువైంది అదే. అయితే ఊరికే మరతిప్పి గుమ్మం మధ్యలో ఇరికించే రాడ్డు జారుద్ది, గోడకి బోల్టులేసి బిగించేది తీసుకోండి, వాడు వేలాడితే కాళ్ళకీ నేలకీ జానెడు సందు మాత్రమే ఉండేలా పెట్టండి, కింద పరుపు వేయండి. మీ ఆటోనగర్లో ఒకటింబావు అంగుళం పైపు కోసి గుండ్రంగా సానబట్టి ఇవ్వటం ఎంత పని చెప్పండి, మీ చేత్తో చేసిచ్చింది అయితే వాడు రోజూ వేలాడతాడు.

ప్రశ్న: ఎండకి భయపడి పాపని, తొమ్మిదేళ్ళు, ఇంట్లో ట్రెడ్‌మిల్ మీదే రోజూ అరగంట నడిపిస్తున్నా. బయట ఆట ఇంక అక్కర్లేదు కదా సార్? (పటమట నుంచి)

జవాబు: అక్కర ఉందమ్మా, కాళ్ళకి కాదు, కళ్ళకి. చైనాలో గ్వాంగ్‌ఝౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలకి కొన్ని బళ్ళలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్ళు చూశారు, ఆ ఫలితం 2015లో వచ్చింది. మామూలు బళ్ళలో 100 మందిలో 39 మందికి పైగా దగ్గరచూపు సమస్య కొత్తగా వచ్చింది, బయట తిరిగినోళ్ళలో 30 మందికే. తైవాన్‌లో అయితే 2010 నుంచి బడి పిల్లలు రోజుకి రెండు గంటలు బయట ఉండాలని ప్రభుత్వమే పట్టుబడుతుంది. ట్యూబులైటు ఎంత వెలిగినా పగటి వెలుతురుకి సాటి రాదు, చెట్టు నీడలో ఉన్నా కూడా బయటి వెలుతురే ఎక్కువ, కాబట్టి ఎండలో నిలబెట్టక్కర్లేదు. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది, సాయంత్రం అయిదున్నర తర్వాత, రాఘవయ్య పార్కో మీ వీధో ఏదైనా సరే.

ట్రెడ్‌మిల్ పెద్దోళ్ళ మిషను. తిరిగే బెల్టు కిందకి పిల్లల వేళ్ళు పోతే చర్మం కాలినట్టు ఊడొస్తది, 2021లో అమెరికాలో ఒక బిడ్డ ప్రాణమే పోయి ఆ మోడల్ మిషన్లు వెనక్కి తీసుకున్నారు. వాడనప్పుడు ప్లగ్ పీకేసి, ఆ ఎర్ర సేఫ్టీ తాళం తీసి పైన పెట్టండి.

ప్రశ్న: ఆరేళ్ళ బాబుకి సైకిల్ కొంటున్నాం, కాస్త పెద్దది కొంటే మూడేళ్ళు వస్తది కదా? (గుంటూరు, కొరిటెపాడు)

జవాబు: చొక్కా అయితే కొనండి, సైకిల్ వద్దు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి, బ్రేకు పిడి వేళ్ళకి అందాలి, ఈ రెండూ షాపులోనే ఎక్కించి చూడండి, 16 అంగుళాలదా 20దా అన్నది దాన్నిబట్టే. సైడు చక్రాలు కొనకండి, షాపువాడితో పెడల్స్ విప్పించి ఇంటికి తేండి, వారం రోజులు కాళ్ళతో నెట్టుకుంటా తిరగనివ్వండి, బ్యాలెన్స్ వచ్చాక పెడల్స్ బిగిస్తే ఒక్కరోజులో తొక్కుతాడు. హెల్మెట్ పెట్టండి, సైకిల్ దిగి పార్కులో నిచ్చెనలు ఎక్కేటప్పుడు మాత్రం తీసేయాలి, ఊచల మధ్య ఇరుక్కుంటది.

ప్రశ్న: మాస్టారు తాతయ్యగారికి, నాకు పదకొండేళ్ళు, సత్యనారాయణపురం. మా అన్నయ్య రోజూ సాయంత్రం గ్రౌండుకి పోతాడు. పోయిన సంవత్సరం దాకా నేను కూడా పోయేదాన్ని. ఇప్పుడు పెద్దదానివి అయ్యావు ఇంట్లోనే ఆడుకో అంటుంది అమ్మ. ఇంట్లో ఒక్కదాన్నే ఏం ఆడుకోవాలి? స్కిప్పింగ్ తాడు ఉంది కానీ అది చాలా పొడుగు.

జవాబు: తల్లీ, నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. ముందు తాడు సంగతి చెప్తా, తర్వాత మీ అమ్మతో మాట్లాడతా.

తాడు మధ్యలో ఒక పాదంతో తొక్కి నిలబడు, రెండు పిడులూ పైకి లాగు, సరిగ్గా చంకల దాకా రావాలి. అంతకన్నా ఎక్కువుంటే పిడి దగ్గర ముడి వెయ్యి, కోసెయ్యొద్దు, నువ్వు పెరుగుతావు. టైల్స్ మీద కాకుండా డాబా మీదో వాకిట్లోనో, బూట్లేసుకుని గెంతు. ఎత్తుగా ఎగరక్కర్లేదు, తాడు దూరేంత రెండు వేళ్ళ ఎత్తు చాలు, మునివేళ్ళ మీద దిగాలి, చేతులు మొత్తం తిప్పకుండా మణికట్టు మాత్రం తిప్పు. ఒక నిమిషం గెంతి ఒక నిమిషం ఆగు, అట్టా పదిసార్లు. వారం పోయాక ఒంటికాలు, ఆ తర్వాత వెనక్కి. ఇద్దరు స్నేహితురాళ్ళు దొరికితే పొడుగు తాడు విప్పి ఇద్దరు తిప్పండి ఒకరు గెంతండి, ఆ పొడుగు తాడు ఉన్నదే దానికి.

అమ్మా, ఇప్పుడు మీతో. మీ భయం నాకు తెలుసు, నాకూ ఆడపిల్ల ఉంది. చీకటి పడటం, దారిలో కుర్రాళ్ళు, ఇరుగుపొరుగు మాటలు, ఏదీ ఉత్తుత్తి భయం అని నేను అనను. కానీ పదకొండు పన్నెండేళ్ళు అంటే ఆడపిల్లకి ఎముక గట్టిపడే కాలం, ఇప్పుడు గెంతి పరిగెత్తి కూడబెట్టుకున్న ఎముకే ఆమెకి అరవయ్యేళ్ళప్పుడు అక్కరకొచ్చేది. సరిగ్గా ఈ వయసులోనే మనం ఆటలు మాన్పిస్తున్నాం. ప్రపంచం మొత్తం మీద 11 నుంచి 17 ఏళ్ళ బడిపిల్లల్లో రోజుకి ఆ 60 నిమిషాల ఆట కూడా లేనివాళ్ళు మగపిల్లల్లో 100కి 78 మంది, ఆడపిల్లల్లో 85 మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు 2019లో లెక్క తేల్చారు. నా పీఈటీ రోజుల్లో ఆ లెక్క నా కళ్ళ ముందే జరిగింది, ఆరో తరగతిలో అందరికన్నా ముందు పరిగెత్తిన పిల్ల ఎనిమిదో తరగతికొచ్చేసరికి గ్రౌండు అంచున కూర్చుని స్నేహితురాళ్ళ బ్యాగులు కాస్తా ఉండేది. అడిగితే ఇంట్లో వద్దన్నారు సార్ అనేది. పీరియడ్స్ వచ్చినా ఆట ఆపక్కర్లేదు, ఒంట్లో బాగుంటే ఆ రోజుల్లో కూడా ఆడొచ్చు, నొప్పి ఉంటే విశ్రాంతి తీసుకోవచ్చు, అది పిల్ల ఇష్టం.

వెన్నం జ్యోతి సురేఖ మన బెజవాడ పిల్లే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చింది. మీ పాప పతకాలు తేవాలని ఈ మాట చెప్పట్లేదమ్మా, ఇదే ఊళ్ళో ఇవే రోడ్ల మీద ఒక ఇంటివాళ్ళు తమ పిల్లని బయటికి తీసుకెళ్ళి నేర్పించారు, ఆ సంగతి గుర్తు చేద్దామని.

సాయంత్రం వద్దంటే పొద్దున్నే పంపండి. ఇందిరా గాంధీ స్టేడియం దగ్గర తెల్లారకముందే నడిచేవాళ్ళు ఉంటారు, ఆడవాళ్ళు చాలామంది వస్తారు. మీ వీధిలోనే పాప ఈడు పిల్లలు ముగ్గురు నలుగురు దొరుకుతారు, వాళ్ళ అమ్మలతో మాట్లాడి వంతులేసుకోండి, ఒక్కోరోజు ఒక్క అమ్మ తోడుగా వెళ్తే చాలు, వారానికి మీకు రెండు రోజులు కూడా పడదు. అన్నయ్యకి కూడా చెప్పండి, వారంలో ఒక రోజు చెల్లిని వెంటబెట్టుకుని పోవాలని. వాడు మూతి ముడిస్తే నేను చెప్పానని చెప్పండి.

తల్లీ, ఈ పేజీ అమ్మకి నువ్వే చదివి వినిపించు. ఆదివారం పొద్దున ఆరింటికి బూట్లేసుకుని గుమ్మం దగ్గర నిలబడు. ఏమైందో నాకు మళ్ళీ రాయి.